మెయిల్ వెనక్కి వచ్చిందంటే మనిషి లేనట్టేనా? మెయిలింగ్ లిస్టుల్లో బౌన్స్ చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న జవాబు గురించి మాట్లాడుకుందాం. మీలో చాలామంది దాన్ని ఎప్పుడో ఒకసారి చూసే ఉంటారు. ఎవరికో మెయిల్ పంపిస్తారు. నిమిషం తిరక్కుండానే 'మెయిలర్ డీమన్' అనే పేరుతో ఒక మెయిల్ తిరిగి మీకే వస్తుంది. లోపల ఏవో అంకెలు, అర్థంకాని కోడ్. సారాంశం మాత్రం ఒక్కటే: మీరు పంపింది చేరలేదు. దీన్నే బౌన్స్ అంటారు. చెక్కు బౌన్స్ అయిందంటాం చూడండి, అలాగే ఇది మెయిల్ బౌన్స్.

ఒక్కరికి పంపింది వెనక్కొస్తే పెద్ద గొడవేం కాదు. స్పెల్లింగ్ సరిచూసుకుని మళ్లీ పంపుతాం. కానీ ఒకే మెయిల్ 3,000 మందికి వెళ్లే చోట రోజూ ఓ 50 వెనక్కొస్తుంటే? ఆ 50 మందీ నిజంగా లేరా? వాళ్లను జాబితాలో ఉంచాలా, తీసేయాలా? తీసేయాలంటే ఆ నిర్ణయం ఎవరిది, మనిషిదా, ప్రోగ్రామ్‌దా?

ఇదేదో కంప్యూటర్ వాళ్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. 2014 ఏప్రిల్‌లో ప్రపంచమంతటా ఎంతోమందికి తాము ఏళ్లుగా ఉన్న గ్రూపుల నుంచి మెయిల్స్ రావడం ఆగిపోయింది. వాళ్లు ఏ తప్పూ చేయలేదు. వాళ్ల మెయిల్‌బాక్సులు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. అయినా ప్రోగ్రాములు వాళ్లను "ఈ మనిషి లేడు" అని పక్కన పెట్టేశాయి. ఎందుకలా జరిగిందో అర్థం కావాలంటే కాస్త వెనక్కి, 1970ల దాకా వెళ్లి రావాలి.

ముందుగా, మెయిలింగ్ లిస్ట్ అంటే ఏంటి?

వాట్సాప్ గ్రూప్ తెలుసు కదా. దాని తాత ఈ మెయిలింగ్ లిస్ట్. ఒక చిరునామాకి మీరు మెయిల్ రాస్తే, అది జాబితాలో ఉన్న అందరికీ వెళ్తుంది. ఒకరు జవాబిస్తే అదీ అందరికీ వెళ్తుంది.

కానీ ఒక పెద్ద తేడా ఉంది. వాట్సాప్‌లో అందరి ఖాతాలూ ఒకే కంపెనీ దగ్గర ఉంటాయి. ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు అన్నది దానికి తెలుసు. అందుకే ఒక టిక్కు, రెండు టిక్కులు. మెయిల్‌లో అలా కాదు. ఒకరి మెయిల్‌బాక్స్ జీమెయిల్‌లో, ఇంకొకరిది యూనివర్సిటీలో, మరొకరిది ఆఫీసులో ఉంటుంది. లిస్టు నడిపేవాళ్లకి ఆ గుమ్మాల లోపల ఏం జరుగుతోందో కనపడదు. మెయిల్ చేరితే మౌనం. చేరకపోతే బౌన్స్. అంటే అవతలి మనిషి గురించి లిస్టుకి తెలిసే సంగతి దాదాపుగా ఈ బౌన్స్ ఒక్కటే.

1971లో రే టామ్లిన్‌సన్ అర్పానెట్‌లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి మెయిల్ పంపాడు. చిరునామా మధ్యలో @ గుర్తు పెట్టింది ఆయనే. 1975లో అదే అర్పానెట్‌లో 'మెసేజ్ గ్రూప్' అని ఒక లిస్టు మొదలైంది. మెయిల్ ఎలా ఉండాలి అని మెయిల్‌లోనే చర్చించుకోవడం దాని పని. ఆ రోజుల్లో జాబితాని మనిషే చూసుకునేవాడు. కొత్తవాళ్లను చేర్చడం, వెళ్లిపోయినవాళ్లను తీసేయడం అంతా చేతిపనే. ఉన్నది కొద్దిమంది, ఒకరికొకరు తెలిసినవాళ్లు. ఫలానా ఆయన మెయిల్ వెనక్కొచ్చిందంటే 'ఉద్యోగం మారాడు' అని ఎవరో ఒకరు చెప్పేవాళ్లు. బౌన్స్ వెనక ఉన్న మనిషి తెలుసు కాబట్టి అది సమస్యే కాలేదు.

డీమన్ అంటే దెయ్యం కాదు

ఇక్కడ ఒక సరదా విషయం. 'మెయిలర్ డీమన్'లో డీమన్ అంటే దెయ్యమనుకుని భయపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట 1963 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీలో, ప్రాజెక్ట్ మ్యాక్ అనే చోట వాడుకలోకి వచ్చింది. భౌతికశాస్త్రంలో 'మాక్స్‌వెల్ డీమన్' అని ఒక ఊహా జీవి ఉంది. ఎవరికీ కనపడకుండా కూర్చుని అణువుల్ని అటూ ఇటూ వేరుచేస్తూ ఉంటుంది. కంప్యూటర్‌లో వెనకాల ఉండి ఎవరూ అడక్కుండానే తన పని తాను చేసుకుపోయే ప్రోగ్రామ్‌కి ఆ పేరు పెట్టారు. మెయిల్ మోసే ప్రోగ్రామ్ కూడా అలాంటిదే కాబట్టి మెయిలర్ డీమన్ అయింది.

1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ 'ఆర్ఎఫ్‌సీ 821' అనే పత్రం రాశాడు. ఇంటర్నెట్ నియమాలు రాసిపెట్టే పత్రాలను ఆర్ఎఫ్‌సీలు అంటారు. మెయిల్ ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి ఎలా వెళ్లాలో చెప్పే పద్ధతి, అంటే ఎస్ఎంటీపీ, ఈ పత్రంలోనే వచ్చింది. మన కథకి అందులో రెండు ముక్కలు ముఖ్యం.

మొదటిది, జవాబు అంకెలు. సర్వర్ ఇచ్చే జవాబు 4తో మొదలైతే 'ఇప్పుడు కుదరదు, మళ్లీ రా' అని. 5తో మొదలైతే 'కుదరదు, ఇక రావద్దు' అని. 550 అంటే మెయిల్‌బాక్స్ అందుబాటులో లేదని. పోస్ట్‌మ్యాన్ భాషలో చెప్పాలంటే, 4 అంటే తలుపు తాళం వేసి ఉంది, 5 అంటే ఆ పేరు గలవారు ఇక్కడ లేరు. తర్వాత 1989లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1123 ఇంకో మాట చేర్చింది: తాళం వేసి ఉంటే వెంటనే వదిలేయకండి, కనీసం 4, 5 రోజులు ప్రయత్నించండి అని.

రెండోది, ఖాళీ చిరునామా. ఆలోచించండి. మీ మెయిల్ చేరలేదు. అవతలి సర్వర్ మీకు బౌన్స్ పంపింది. ఈలోగా మీ మెయిల్‌బాక్స్ కూడా పనిచేయడం మానేసింది. అప్పుడు మీ సర్వర్ ఆ బౌన్స్‌కి ఇంకో బౌన్స్ పంపుతుంది. అది చేరకపోతే దానికి మరొకటి. ఇద్దరు మనుషులైతే ఎప్పుడో విసుగొచ్చి మానేస్తారు. మెషీన్లకి విసుగు రాదు కదా. అందుకని పోస్టెల్ ఒక ఉపాయం చెప్పాడు. బౌన్స్ పంపేటప్పుడు పంపినవారి చిరునామా ఖాళీగా వదిలేయాలి. ఖాళీ చిరునామాతో వచ్చినదానికి ఎవరూ తిరిగి బౌన్స్ పంపలేరు, గొలుసు అక్కడితో తెగిపోతుంది. 40 ఏళ్లు దాటినా ఈరోజు మీకొచ్చే బౌన్స్ కూడా ఇదే పద్ధతిలో వస్తోంది.

వెనక్కొచ్చింది ఎవరికి చేరాలి?

లిస్టుల దగ్గర అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. దీన్ని పెళ్లి శుభలేఖలతో చూద్దాం.

మీ ఇంట్లో పెళ్లి. బంధువుల చిరునామాల పుస్తకం మొత్తం మీ పెదనాన్న దగ్గర ఉంది. మీరు ఒక శుభలేఖ ఆయన చేతికిచ్చారు. ఆయన 300 కాపీలు తీయించి అందరికీ పోస్ట్ చేశారు. అందులో 20 వెనక్కొచ్చాయి. కవర్ వెనక 'పంపినవారు' అని మీ పేరు ఉంటే ఆ 20 మీ గుమ్మంలో పడతాయి. మీరేం చేస్తారు? మీ దగ్గర ఆ పుస్తకమే లేదు. అదే కవర్ మీద పెదనాన్న పేరు ఉంటే అవి ఆయనకే చేరతాయి, ఆయన పుస్తకం సరిచేసుకుంటారు.

పాత లిస్టుల్లో చాలాచోట్ల కవర్ మీద మెయిల్ రాసిన సభ్యుడి పేరే ఉండిపోయేది. పాపం ఎవరో ఒక ప్రశ్న అడిగితే, జవాబుల కంటే ముందు 20 బౌన్సులు వచ్చి పడేవి. ఇంకా ఘోరం, కొన్ని సర్వర్లు బౌన్స్‌ని తిరిగి లిస్టు చిరునామాకే పంపేవి. లిస్టుకి వచ్చిందేదైనా అందరికీ వెళ్తుంది కదా. ఆ బౌన్స్ అందరికీ వెళ్లేది. అందులో ఆ చచ్చిపోయిన చిరునామా కూడా ఉండేది. అక్కడి నుంచి ఇంకో బౌన్స్. అదీ అందరికీ. రాత్రి పడుకుని పొద్దున లేచేసరికి జనం మెయిల్‌బాక్సులు నిండిపోయేవి.

అందుకే నేనిందాక చెప్పిన 1989 నాటి ఆర్ఎఫ్‌సీ 1123 స్పష్టంగా రాసింది: లిస్టు మెయిల్‌ని అందరికీ పంచేటప్పుడు కవర్ మీది చిరునామా తప్పనిసరిగా లిస్టు నిర్వాహకుడిదిగా మార్చాలి. లోపలి ఉత్తరంలో రాసినవాళ్ల పేరు అలాగే ఉంటుంది. మారేది కవర్ మాత్రమే. 'ఓనర్' అని చేర్చిన చిరునామాలు ఇలాగే వాడుకలోకి వచ్చాయి. ఉత్తరం ఎవరిదైనా, జాబితా ఎవరిదో బాధ్యత వాళ్లదే. నాకైతే ఈ చరిత్రలో ఇది చాలా మంచి నిర్ణయం అనిపిస్తుంది.

ఓనర్ల కష్టాలు

1986లో ఎరిక్ థామస్ అనే ఆయన పారిస్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడు బిట్‌నెట్ అనే నెట్‌వర్క్ కోసం లిస్ట్‌సర్వ్ రాశాడు. సభ్యులు తమంతట తామే చేరేలా, తామే బయటికి వెళ్లేలా చేసింది అది. 1992లో బ్రెంట్ చాప్‌మన్ మేజర్‌డోమో తీసుకొచ్చాడు. రెండూ బాగా పాకాయి. చేరడం సులువైంది. లిస్టులు వందల నుంచి వేలకి పెరిగాయి. కానీ మెయిల్స్ వెనక్కొస్తున్న సభ్యులను తీసే పని మాత్రం ఎక్కువగా ఓనర్ చేతుల మీదే జరిగేది.

ఇందులో మనవాళ్ల భాగం కూడా ఉంది. 1990ల్లో అమెరికా యూనివర్సిటీల్లో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు నెట్‌లో తెలుగు కబుర్లు మొదలుపెట్టారు. యూజ్‌నెట్‌లో సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే గుంపు ఉండేది. తెలుగు అక్షరాలు తెరమీద కనపడే రోజులు కావు కాబట్టి రైస్ యూనివర్సిటీ పేరు మీద వచ్చిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసుకునేవాళ్లు. తర్వాత యాహూ గ్రూప్స్‌లో 'రచ్చబండ' లాంటి చోట్ల తెలుగు సాహిత్యం మీద ఏళ్ల తరబడి చర్చలు నడిచాయి.

ఇప్పుడు ఆ విద్యార్థిని ఊహించుకోండి. చదువైపోయింది, ఉద్యోగానికి ఇంకో రాష్ట్రం వెళ్లాడు. యూనివర్సిటీ మెయిల్ ఖాతా మూతపడింది. లిస్టు నుంచి బయటికి రావడం మర్చిపోయాడు. ఆయన పేరు మీద బౌన్సులు మొదలవుతాయి. ఇలాంటివాళ్లు లిస్టుకి పదుల్లో ఉండేవాళ్లు.

సరే, పేరు చూసి తీసేస్తే పోలా? అంత తేలిక కాదు. ఆ విద్యార్థి వెళ్లిపోతూ పాత ఖాతా నుంచి కొత్త ఖాతాకి మెయిల్స్ మళ్లించుకున్నాడు అనుకోండి. కొత్త ఖాతా కూడా కొన్నాళ్లకి పోయింది. ఇప్పుడు బౌన్స్‌లో కనపడేది కొత్త చిరునామా. లిస్టులో ఉన్నది పాత చిరునామా. ఓనర్ జాబితా అంతా వెతికినా ఆ పేరు దొరకదు. పైగా అప్పట్లో ఒక్కో సర్వర్ ఒక్కో రకంగా బౌన్స్ రాసేది. ఒకటి పొడుగ్గా, ఒకటి ఒకే ముక్కలో. కొన్నింటిలో ఎవరికి చేరలేదన్న సంగతే ఉండేది కాదు. వీటి మధ్యలో 'నేను సెలవులో ఉన్నాను' అనే ఆటోమేటిక్ జవాబులు. ప్రోగ్రామ్ దాన్ని బౌన్స్ అనుకుంటే సెలవుకి వెళ్లిన మనిషిని లిస్టు నుంచే పంపించేసినట్టు.

రెండు దారులు

దీనికి 1990ల మధ్యలో రెండు వైపుల నుంచి పరిష్కారాలు వచ్చాయి.

ఒకటి, బౌన్సులన్నీ ఒకే ఫారంలో రాయండి అని చెప్పడం. 1996 జనవరిలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1891 నుంచి 1894 వరకు నాలుగు పత్రాలు ఈ పని చేశాయి. మీకొచ్చే బౌన్స్‌లో 5.1.1 లాంటి చుక్కల అంకెలు కనపడతాయే, అవి అక్కడివే. మంచి ఆలోచన. కాకపోతే ప్రపంచంలోని సర్వర్లన్నీ ఒప్పుకుని పాటించాలి.

రెండోది డేనియల్ బెర్న్‌స్టైన్ దారి. క్యూమెయిల్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ రాసింది ఆయనే. ఆయన దారి ఇంకోలా ఉంది: అవతలివాళ్లు బౌన్స్ ఎలా రాసినా నాకనవసరం, అది ఏ చిరునామాకి తిరిగొచ్చిందో చూస్తే చాలు. ఎలాగంటే, లిస్టు ప్రతి సభ్యుడికీ పంపే కవర్ మీద వేరే వేరే తిరుగు చిరునామా రాస్తుంది. ఆ చిరునామాలోనే సభ్యుడి పేరు దాగి ఉంటుంది. సుజాతకి పంపిన కవర్ మీద 'లిస్టు-రిటర్న్-సుజాత' అని, రవికి పంపిన దాని మీద 'లిస్టు-రిటర్న్-రవి' అని. ఆ ఉత్తరం మధ్యలో ఎన్ని ఊళ్లు తిరిగినా, ఎన్నిసార్లు మళ్లినా, వెనక్కొచ్చేది ఆ చిరునామాకే. లోపల ఏం రాసుందో చదవక్కర్లేదు. పెదనాన్న ప్రతి కవర్ వెనకా ఒక నంబర్ వేసి పంపినట్టు. దీనికి వెర్ప్ అని పేరు.

1997లో ఆయన రాసిన ఈజీఎంఎల్ఎం అనే లిస్టు ప్రోగ్రామ్ ఇంకో అడుగు ముందుకేసింది. ఒక మెయిల్ బౌన్స్ అయితే ఆ మనిషిని వెంటనే తీసేయదు. 10 రోజులకి పైగా ఆగుతుంది. తర్వాత ఆ మనిషికే ఒక హెచ్చరిక పంపుతుంది: 'మీకు పంపిన మెయిల్స్ కొన్ని వెనక్కొచ్చాయి, ఫలానా నంబర్ల మెయిల్స్ మీకు అందలేదు, కావాలంటే ఇలా తెచ్చుకోండి' అని. ఆ హెచ్చరిక కూడా వెనక్కొస్తే ఆఖరిగా ఇంకొకటి పంపి చూస్తుంది. అది కూడా తిరిగొస్తేనే తీసేస్తుంది.

గమనించారా? ఇక్కడ బౌన్స్ అంటే తీర్పు కాదు, అనుమానం మాత్రమే. అనుమానం వచ్చాక ఆ మనిషినే అడగడం, వినడానికి టైమ్ ఇవ్వడం, అప్పుడు నిర్ణయం. ఒక ప్రోగ్రామ్‌లో ఇంత మర్యాద ఉంది.

మార్కులు వేసే పోస్ట్‌మ్యాన్

1990ల చివర్లో మెయిల్‌మ్యాన్ వచ్చింది. జాన్ వీగా దీన్ని మొదట డేవ్ మాథ్యూస్ బ్యాండ్ అనే సంగీత బృందం అభిమానుల లిస్టు కోసం రాశాడు. తర్వాత బ్యారీ వార్సా వంటివాళ్లు దాన్ని పెంచి పెద్దచేశారు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు, యూనివర్సిటీలు బోలెడన్ని దీన్నే వాడాయి.

మెయిల్‌మ్యాన్ 2.1లో బౌన్సులకి మార్కులు వేస్తారు. 'మనిషి లేడు' తరహా గట్టి బౌన్స్‌కి 1 మార్కు. 'మెయిల్‌బాక్స్ నిండింది' తరహా మెత్తటి బౌన్స్‌కి అర మార్కు. ఒకే రోజు ఎన్ని వచ్చినా ఒక్కసారే లెక్క. ఏడు రోజులపాటు కొత్త బౌన్స్ రాకపోతే పాత మార్కులు చెల్లవు. మొత్తం 5కి చేరితే మెయిల్స్ ఆపేస్తారు, కానీ పేరు తీసేయరు. వారానికొకటి చొప్పున మూడు హెచ్చరికలు వెళ్తాయి. అప్పటికీ పలక్కపోతేనే పేరు తీసేస్తారు. ఈ అంకెలన్నీ ఓనర్ మార్చుకోవచ్చు, కానీ చాలామంది ముందే పెట్టి ఉన్నవే వదిలేశారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఇప్పుడే పనికొస్తుంది.

ఇటు ఉంచినా ప్రమాదం, అటు తీసినా ప్రమాదం

ఇన్ని తంటాలెందుకు, ఎవర్నీ తీసేయకుండా ఉంచేస్తే ఏం పోతుంది అని అడగొచ్చు. 2013లో దానికి జవాబొచ్చింది.

ఆ ఏడాది జూన్‌లో యాహూ ఒక ప్రకటన చేసింది: 12 నెలలుగా వాడని ఐడీలను మూసేసి, కావాలన్న కొత్తవాళ్లకి ఇస్తాం అని. మధ్యలో 30 రోజులపాటు ఆ చిరునామాలకి వచ్చే మెయిల్స్‌ని బౌన్స్ చేస్తాం, పంపేవాళ్లు దాన్ని చూసి తమ జాబితాల నుంచి తీసేసుకోవాలి అని చెప్పింది. అంటే ఆ నెల రోజుల బౌన్సులను పట్టించుకోని లిస్టు, తర్వాత నుంచి ఒక పరాయి మనిషికి మెయిల్స్ పంపడం మొదలుపెడుతుంది. పాస్‌వర్డ్ మార్చుకునే లింకులు కూడా ఎవరో తెలియనివాళ్ల చేతికి వెళ్లొచ్చు. దీని కోసం యాహూ, ఫేస్‌బుక్ వాళ్లు కలిసి ఒక పద్ధతి తయారుచేశారు. 'ఈ చిరునామా ఫలానా తేదీ నుంచి ఒకే మనిషి దగ్గర ఉంటేనే అందించు' అని మెయిల్ మీద రాయడం. అది 2014లో ఆర్ఎఫ్‌సీ 7293గా వచ్చింది. కాబట్టి బౌన్స్‌ని పట్టించుకోకపోవడం దయ కాదు, కొన్నిసార్లు ద్రోహం కూడా.

మరి బౌన్స్‌ని గుడ్డిగా నమ్మితే? అదే 2014 ఏప్రిల్.

అప్పట్లో యాహూ ఖాతాదారుల పేర్లతో దొంగ మెయిల్స్ విపరీతంగా వస్తున్నాయి. నిజానికి యాహూ నుంచి కాదు, ఎక్కడి నుంచో యాహూ పేరు పెట్టుకుని వాళ్ల స్నేహితులకే వస్తున్నాయి. దాన్ని ఆపడానికి యాహూ ఒక కఠినమైన ఆయుధం తీసింది. దాని పేరు డీమార్క్. దాని ద్వారా ప్రపంచానికి ఇలా చెప్పింది: 'పైన యాహూ అని పేరుండి, మా సర్వర్ నుంచీ రాక, మా సంతకమూ సరిపోకపోతే తీసుకోవద్దు, తిప్పి కొట్టండి.' బ్యాంకుల్లాంటి సంస్థలకి ఇది బాగా నప్పుతుంది. మామూలు మనుషుల ఖాతాలకి వచ్చేసరికి ఒక చిక్కు.

రవికి యాహూ ఖాతా. సుజాతకి జీమెయిల్. ఇద్దరూ ఒకే లిస్టులో ఉన్నారు. రవి ఒక మెయిల్ రాశాడు. లిస్టు దాన్ని సుజాతకి పంపింది. పైన రవి పేరు, యాహూ చిరునామా. కానీ వచ్చింది లిస్టు సర్వర్ నుంచి. పైగా లిస్టులు సబ్జెక్ట్‌లో లిస్టు పేరు, కింద రెండు లైన్లు చేర్చే అలవాటు ఉంది కాబట్టి యాహూ వేసిన సంతకం చెడిపోయింది. జీమెయిల్ సర్వర్ యాహూ మాట ప్రకారం దాన్ని తిప్పికొట్టింది, 550 అని. ఆ బౌన్స్ లిస్టుకి వచ్చింది. లిస్టు ఎవరి ఖాతాలో మార్కు వేసింది? రవికి కాదు. సుజాతకి.

ఇంకో నాలుగు రోజులు యాహూ వాళ్లు ఎవరో ఒకరు రాశారు. ఐదు మార్కులు. సుజాతకి మెయిల్స్ ఆగిపోయాయి. ఆమె చేసింది ఏమీ లేదు. రాసినవాళ్లకి ఏమీ కాలేదు. పాపం చదివేవాళ్లు బయటికి పోయారు. ఇంటర్నెట్ నియమాలు రాసే ఐఈటీఎఫ్ సొంత లిస్టుల్లోనూ ఇదే గొడవ. అదే నెలలో ఏఓఎల్ కూడా అదే నిబంధన పెట్టడంతో సమస్య రెట్టింపైంది.

ఇక్కడ ఎవరి ప్రోగ్రామూ తప్పుగా పనిచేయలేదు. యాహూ తన ఖాతాదారులను కాపాడుకుంది. జీమెయిల్ యాహూ మాట విన్నది. మెయిల్‌మ్యాన్ తనకి నేర్పినట్టు మార్కులు వేసింది. ఎవరి లెక్క వాళ్లకి సరిగ్గానే ఉంది. కానీ 550ని మెయిల్‌మ్యాన్ 'ఈ మనిషి లేదు' అని చదివింది. జీమెయిల్ చెప్పింది 'ఈ ఉత్తరం నాకొద్దు' అని. ఒకటి మనిషి గురించి, రెండోది ఉత్తరం గురించి. అంకె మాత్రం ఒకటే.

ఓనర్లు ముందు చేసిన పని, ఆగిపోయినవాళ్లను మళ్లీ చేర్చి, మార్కుల హద్దు పెంచడం. కొందరు యాహూ వాళ్లను రాయొద్దని బతిమాలారు. కొద్ది వారాల్లో మెయిల్‌మ్యాన్ కొత్త వెర్షన్ వచ్చింది. అందులో ఇలాంటి చిరునామాల నుంచి వచ్చిన మెయిల్ అయితే పైన పేరు మార్చే ఏర్పాటు పెట్టారు. ఇప్పటికీ కొన్ని గ్రూపుల మెయిల్స్‌లో 'ఫలానా వారు, వయా ఫలానా లిస్టు' అని కనపడుతుంది చూడండి, అది ఆ దెబ్బ తర్వాత బాగా పెరిగిన అలవాటే. దాని ఖర్చూ ఉంది: రాసినవాళ్ల అసలు చిరునామా ముందున్నట్టు నేరుగా కనపడదు. మధ్యలో లిస్టు చేసిన మార్పుల్ని నమ్మదగ్గట్టు చెప్పడానికి 2019లో ఆర్క్ అనే ఇంకో పద్ధతి కూడా వచ్చింది.

మరి ఇప్పుడు?

2020 డిసెంబర్‌లో యాహూ గ్రూప్స్ పూర్తిగా మూతపడింది. మన కబుర్లు వాట్సాప్‌కి, టెలిగ్రామ్‌కి వెళ్లిపోయాయి. అయినా బౌన్స్ మిమ్మల్ని వదల్లేదు. కాలేజీ నోటీసులు, ఉద్యోగ ప్రకటనలు, పరీక్షల అప్‌డేట్లు, లైనక్స్ లాంటి ప్రాజెక్టుల చర్చలు ఇంకా మెయిల్ మీదే నడుస్తున్నాయి.

మీ ఫోన్ సంగతే చూడండి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్‌కి, డ్రైవ్‌కి, ఫోటోస్‌కి కలిపి. 2021 జూన్ 1 నుంచి కొత్తగా పెట్టే ఫోటోలన్నీ అందులోనే లెక్క. ఫంక్షన్ వీడియోలతో అది నిండిపోతే కొన్నాళ్లకి మీకొచ్చే మెయిల్స్ వెనక్కి పోతాయి. ఆ బౌన్స్ మీకు రాదు, పంపినవాళ్లకి వెళ్తుంది. అక్కడ ఏదో ప్రోగ్రామ్ మీ పేరు పక్కన మార్కులు వేసుకుంటూ ఉంటుంది. రెండేళ్లు ముట్టుకోని ఖాతాలను గూగుల్ తొలగించొచ్చు, 2023 డిసెంబర్ నుంచి ఆ నియమం అమల్లో ఉంది.

పంపేవాళ్ల మీదా ఒత్తిడి పెరిగింది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి రోజుకి 5,000కి పైగా మెయిల్స్ పంపేవాళ్లకి డీమార్క్ తప్పనిసరి. ప్రచార మెయిల్స్‌లో ఒక్క నొక్కుతో బయటికెళ్లే బటన్ ఉండాలి. లేని చిరునామాలకి పదేపదే పంపితే సర్వర్ పేరు చెడుతుంది. అందుకని పెద్ద కంపెనీలు ఇప్పుడు ఒక్క గట్టి బౌన్స్ రాగానే చిరునామాని శాశ్వతంగా పక్కన పెట్టేయడం మామూలైపోయింది. హెచ్చరిక లేదు, ఆఖరి పరీక్ష లేదు. 1997లో ఒక ప్రోగ్రామ్ 10 రోజులు ఆగి మనల్ని అడిగింది. ఇప్పుడు అడిగే ఓపిక తగ్గింది.

మీరు రేపు ఒక కాలేజీ క్లబ్‌కో, ఊరి గ్రంథాలయానికో లిస్టు నడపొచ్చు. మెయిల్ లిస్టే కానక్కర్లేదు, ఫోన్ నంబర్ల జాబితా అయినా, రేషన్ జాబితా అయినా ఇదే సూత్రం. వెనక్కొచ్చిన కవర్ దారి గురించి ఒక కబురు చెబుతుంది. మనిషి గురించి తీర్పు చెప్పదు. అందుకని మూడు పనులు చేయండి. వెనక్కొచ్చింది జాబితా ఎవరి దగ్గరుందో వాళ్లకి చేరేలా చూడండి. పేరు కొట్టేసే ముందు కొన్నాళ్లు ఆగి, వేరే దారిలో ఒక్కసారి అడగండి. ఒకేరోజు చాలామంది ఒకేసారి 'లేరు' అని తేలితే, వాళ్లను కాదు, ముందు మీ పద్ధతిని అనుమానించండి. 2014 ఏప్రిల్‌లో వందలమంది ఒకే వారంలో మాయమయ్యారంటే అర్థం వాళ్లంతా ఊరు విడిచి వెళ్లారని కాదు కదా.

చివరిగా మీ కోసం ఒక చిన్న పని. ఈ ఎపిసోడ్ అయ్యాక మీ జీమెయిల్ స్టోరేజ్ ఎంత నిండిందో ఒకసారి చూసుకోండి. ఏదైనా గ్రూప్ నుంచి మెయిల్స్ రావడం ఈమధ్య ఆగిపోయిందా అని కూడా ఆలోచించండి. వాళ్లు రాయడం మానేయకపోవచ్చు. మీరు లేరని ఎవరో రాసుకుని ఉండొచ్చు. ఉన్నామని ఒక్క మెయిల్ పెట్టండి.